బేస్‌ను మూడు పాయలు చేస్తే చిక్కు ఎక్కడ పడుతుంది?

వినాయక నిమజ్జనానికి వారం ముందు, కావలి దగ్గర ఒక షెడ్డులో డీజే బండికి బాక్సులు బిగిస్తున్నారు. మా పక్క వీధి కుర్రాడు ల్యాప్‌టాప్‌లో చేసిన పాటను పెన్‌డ్రైవ్‌లో పట్టుకొచ్చాడు, నేను తోడు వెళ్లాను. ఆపరేటర్ పాట పెట్టి, సౌండు పెంచి, బేస్ బాక్సు మీద అరచెయ్యి ఆనించాడు. అర నిమిషం అట్లాగే నిలబడి, "కొట్టటంలా అబ్బయ్యా, మూలగతా ఉండాది" అన్నాడు.

కుర్రాడి మొహం వాడిపోయింది. హెడ్‌ఫోన్స్‌లో ఆ పాట అదిరిపోతుంది, నేనూ విన్నాను. ఫోన్లో పెడితే మాత్రం బేస్ ఉందో లేదో తెలీదు. బండి మీద మూలుగు. ఒకే ఫైలు, మూడు చోట్ల మూడు రకాలు.

"బేస్‌ని బ్యాండ్లుగా చీల్చాలంట అన్నా, వీడియోల్లో చెప్తున్నారు" అన్నాడు వాడు.

"చీల్చేదానికి మా క్రాసోవర్ ఉండాది గదా, మళ్లీ నువ్వెందుకు చీల్చేది?" అన్నాడు ఆపరేటర్.

ఇద్దరూ ఒకే మాట వాడుతూ రెండు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. అయోమయం అక్కడే మొదలవుతుంది.

బండిలో చీలిక వేరు, ల్యాప్‌టాప్‌లో చీలిక వేరు

బండి మీద క్రాసోవర్ చేసే పని పంపకం. వచ్చిన పాటలో కింది భాగాన్ని 18 అంగుళాల బేస్ బాక్సులకు, పై భాగాన్ని టాప్‌లనే చిన్న స్పీకర్లకు పంపిస్తుంది. పెద్ద స్పీకరు కీచు స్వరాలు పలకలేదు, చిన్న హారన్ బేస్ మోయలేదు. ఎవరు మోయగలిగింది వాళ్లకు. అలా విడిపోయిన శబ్దం మళ్లీ కలిసేది గాల్లోనే, వినేవాడి చెవి దగ్గర.

ల్యాప్‌టాప్‌లో చీల్చేది స్పీకర్ల కోసం కాదు. ఒక్క బేస్ వాయిద్యం శబ్దాన్నే రెండు మూడు పాయలుగా (కుర్రాడన్న బ్యాండ్లు ఇవే) విడదీసి, ఒక్కో పాయకు ఒక్కో పని చేసి, మళ్లీ జడ అల్లినట్టు ఒకటిగా కలిపేసి పాటలో పెడతారు. పాట బండి దగ్గరికి వచ్చేసరికి ఆ చీలిక ఆనవాలు కూడా కనపడకూడదు. ఆ కలిపిన దాన్ని బండి మళ్లీ తన లెక్కలో చీలుస్తుంది. కాబట్టి ఆపరేటర్ ప్రశ్న సరైనదే గానీ, ఆయన క్రాసోవర్ కుర్రాడి పనిని చెయ్యలేదు.

ఒక్క స్వరంలో దాగిన స్వరాలు

హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అనే లెక్క. మన చెవి సుమారు 20 నుంచి 20,000 దాకా వింటుంది. బేస్ అని మనం పిలిచేది దాదాపు 250 కన్నా కింద ఉన్న భాగం. అందులోనూ 60కి దిగువన ఉండేదాన్ని సబ్ అంటారు. అది చెవికన్నా ఛాతీకి ఎక్కువ తెలుస్తుంది. ఈ అంకెలు శాసనాలేమీ కావు. ఒకరు 60 అంటే ఇంకొకరు 80 అంటారు.

కుర్రాడి పాట ఆరు శ్రుతిలో ఉంది. అందులో కింది షడ్జమం 55 హెర్ట్జ్. కానీ సింథసైజర్‌లో ఆ స్వరం నొక్కితే 55 ఒక్కటే రాదు. దాని వెంట 110, 165, 220, 275 అంటూ గుణిజాలన్నీ వస్తాయి. తంబురా ముందు కూర్చున్నవాళ్లకు ఇది కొత్త కాదు. 110 పై షడ్జమం, 165 పంచమం, 220 మళ్లీ షడ్జమం, 275 అంతర గాంధారం. ఒక్క తీగ మీటితే గాంధారం దానంతటదే పలుకుతుందని పెద్దలు చెప్పేది ఇదే.

ఫోన్లో బేస్ ఎందుకు పోతుందో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. అంత చిన్న స్పీకరుకు 55, 110 పలికే సత్తువ లేదు. అయితే 165, 220, 275 గట్టిగా ఉంటే చెవి ఊరుకోదు. వాటి మధ్య దూరం 55 అని పసిగట్టి, అసలు లేని 55ను తనే కల్పించుకుని వింటుంది. అంటే ఫోన్లో బేస్ వినపడాలంటే సబ్ పెంచి లాభం లేదు, పై పాయకు బలం ఇవ్వాలి. బండి మీద బాక్సు కొట్టాలంటే కింది పాయ శుభ్రంగా ఉండాలి. ఒకే స్వరంలో రెండు భాగాలకు రెండు రకాల వైద్యం కావాల్సి వచ్చింది. చీల్చడానికి మూలకారణం ఇదే.

తబలా, డగ్గా గుర్తు తెచ్చుకోండి. డగ్గా మీద అరచెయ్యి నొక్కి గమకం తీస్తుంటే తబలా శ్రుతి చెక్కు చెదరదు. అవి రెండూ విడివిడి పాత్రలు కాబట్టే ఆ సౌకర్యం. కంప్యూటర్లో బేస్‌కు అలాంటి రెండు పాత్రలు తయారుచేయడమే ఈ తంతు అంతా.

మూలుగు ఎక్కడినుంచి వచ్చిందంటే

కుర్రాడి బేస్‌లో రెండు ఆసిలేటర్లున్నాయి, అంటే స్వరాన్ని పుట్టించే మూలాలు రెండు. ఒకటి 55 దగ్గర, ఇంకోటి కొంచెం జరిపి 55.5 దగ్గర. శబ్దం నిండుగా, కదులుతున్నట్టు రావడానికి ఇది పాత కిటుకు. 1988లో డెట్రాయిట్‌కు చెందిన కెవిన్ సాండర్సన్ 'రీస్' అనే పేరుతో చేసిన సంగీతంలో ఇలాంటి బేస్ వినిపించింది. అప్పటినుంచి దీనికి రీస్ బేస్ అనే పేరు నిలిచిపోయింది.

రెండు స్వరాలు అర హెర్ట్జ్ తేడాతో మోగితే రెండు సెకన్లకోసారి ఎదురెదురు పడి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పాట వేగం నిమిషానికి 120 దెబ్బలు. అంటే రెండు సెకన్లకు నాలుగు దెబ్బలు, సరిగ్గా ఒక ఆవృత్తం. ప్రతి ఆవృత్తంలో ఒకసారి సబ్ కరిగిపోయి మళ్లీ ఉబుకుతుంది. బాక్సు మీద చెయ్యి పెట్టిన మనిషికి అది మూలుగులా కాక ఇంకెలా తెలుస్తుంది?

అదే తేడా పైన ఏం చేస్తుందో చూడండి. పదో గుణిజం దగ్గర 550, 555 ఉంటాయి, తేడా 5. సెకనుకు ఐదుసార్లు మెరుపు. అది వినడానికి చాలా బాగుంటుంది, ఆ కిటుకు పెట్టిందే దానికోసం. పైన అందం తెచ్చేదే కింద రోగం తెస్తోంది.

మరి హెడ్‌ఫోన్స్‌లో ఎందుకు దొరకలేదు? వాడు ఒక ఆసిలేటర్‌ను ఎడమకు, రెండోదాన్ని కుడికి తోశాడు. ఎడమ చెవికి 55, కుడి చెవికి 55.5. రెండూ ఎక్కడా కలవలేదు, కాబట్టి చంపుకోలేదు. ఆ బండిలో మాత్రం ఎడమ కుడి రెండూ కలిపేసి, ఒకే ధారగా మోనోలో బేస్ బాక్సులకు పంపుతారు. కొట్లాట అక్కడ బయటపడింది. సబ్ భాగాన్ని మోనోలో ఉంచమని అందరూ చెప్పే మాటకు ఇదొక కారణం. గ్రామఫోన్ రికార్డుల కాలంలో ఇంకో కారణం ఉండేది: ఎడమ కుడి బేస్ ఎదురెదురుగా ఉంటే గాడి లోతు మారిపోయి ముల్లు ఎగిరిపడేది.

రెండో తప్పు డిస్టార్షన్, అంటే కావాలనే శబ్దం ఆకారాన్ని చెడగొట్టడం. బేస్‌కు గరుకుతనం రావాలని వాడు మొత్తం శబ్దాన్నీ దాంట్లోకి తోశాడు. ఒక్క స్వరమే మోగుతుంటే ఫరవాలేదు, పుట్టే కొత్త శబ్దాలు కూడా ఆ స్వరం గుణిజాలే అవుతాయి. కానీ షడ్జమం తోక ఇంకా మోగుతుండగానే సాధారణ గాంధారం, అంటే 65.4, మొదలైందనుకోండి. డిస్టార్షన్ ఆ రెంటినీ పిసికి 44.6, 75.8 లాంటివి పుట్టిస్తుంది. ఈ రెండూ ఏ స్వరస్థానంలోనూ కూర్చోవు. అపస్వరం అని చెవి పట్టుకోలేనంత కింద ఉంటాయి, అందుకే 'బురద' అని ఊరుకుంటాం. కింది పాయను విడదీసి పక్కన పెట్టి, పై పాయకు మాత్రమే డిస్టార్షన్ ఇస్తే ఆ బురద చాలావరకు పుట్టదు.

చీలిక గీత కాదు, వాలు

'120 దగ్గర చీల్చాను' అంటే 120కి కింద అంతా ఒక గిన్నెలో, పైన అంతా ఇంకో గిన్నెలో పడ్డట్టు అనిపిస్తుంది. అట్లా జల్లెడ పట్టినట్టు విడిపోదు. పెన్న సముద్రంలో కలిసే చోట ఎక్కడ మంచినీళ్లు అయిపోయి ఉప్పునీళ్లు మొదలయ్యాయో గీత గీయగలరా? రొయ్యల చెరువులవాళ్లు సెలినిటీ కొలిచి చూస్తే అడుగడుగునా కొంచెం కొంచెం మారుతుంది. ఇదీ అంతే.

ఈ వాలు ఎలా ఉండాలన్నది పాత ప్రశ్నే. చాలామంది నేటికీ వాడే జవాబును 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ ప్రచురించాడు. ఆయనా, రస్ రైలీ అనే సహోద్యోగీ హ్యూలెట్ ప్యాకార్డ్‌లో ఇంజినీర్లు. ఇద్దరి పేర్ల మీదా దాన్ని లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్ అంటారు. అది స్పీకర్ల కోసం పుట్టింది, తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది. అంటే ఆపరేటర్ క్రాసోవర్, కుర్రాడి ప్లగిన్ (పాటల సాఫ్ట్‌వేర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాము) ఒక తాత మనవలే.

దాని లెక్క ముచ్చటగా ఉంటుంది. ఆక్టేవ్‌కు, అంటే హెర్ట్జ్ రెట్టింపయ్యే ప్రతిసారీ, 24 డెసిబెల్స్ (శబ్దం బలానికి కొలత) వాలు ఉన్న రకాన్ని 120 దగ్గర పెడితే, సరిగ్గా 120 దగ్గర సగం కింది పాయకు, సగం పై పాయకు పోతుంది. రెట్టింపు దూరంలో, 240 దగ్గర, కింది పాయకు దక్కేది పదిహేడో వంతు. 60 దగ్గర పై పాయకు దక్కేదీ పదిహేడో వంతే. ఏ చోట చూసినా రెండు వాటాలూ కలిపితే ఒకటి. ఏమీ ముట్టుకోకుండా తిరిగి కలిపేస్తే ఏ స్వరం బలమూ పెరగదు, తరగదు.

అందుకే ఎక్కడ చీల్చామన్నది ముఖ్యమైపోతుంది. కుర్రాడి బేస్ 55 షడ్జమం నుంచి 82.4 పంచమం దాకా తిరుగుతుంది. 80 దగ్గర చీలిస్తే షడ్జమం మూల స్వరంలో 82 శాతం శుభ్రంగా కింది పాయలో ఉంటుంది, పంచమానిది 47 శాతమే. మిగతా సగం పైకి పోయి డిస్టార్షన్‌లో పడుతుంది. సా బొద్దుగా, పా బక్కగా, ఇద్దరు వేర్వేరు మనుషులు పాడినట్టు ఉంటుంది. చీలికను 120కి జరిపితే షడ్జమం 96 శాతం, పంచమం 82 శాతం కిందే ఉంటాయి. ఇప్పుడు రెండూ ఒక ఇంటి పిల్లల్లా పలుకుతాయి. ఎక్కడో చదివిన 100, 120 అంకెలు అందరికీ పనికిరావు. మన పాటలో బేస్ ఎంత ఎత్తుకు ఎక్కుతుందో చూసుకుని, దానికి పైన చీల్చడంలోనే అర్థం ఉంది.

మూడో పాయ సంగతి క్లుప్తంగా. 120 నుంచి ఏ 400, 500 దాకానో ఒక నడుమ పాయ తీస్తారు. గరుకుతనం, ఫోన్లో వినపడే బలం దాంట్లోనే ఉంటాయి. ఆ పైన ఉన్న చురుకుదనాన్ని కావలసినంత వెడల్పు చేసి ఎడమా కుడీ పరుస్తారు. పాటలు చేసే సాఫ్ట్‌వేర్లయిన ఎఫ్ఎల్ స్టూడియోలో మ్యాక్సిమస్, ఏబుల్టన్‌లో మల్టీబ్యాండ్ డైనమిక్స్ అనే ప్లగిన్లు మూడు బ్యాండ్లతోనే వస్తాయి, అందుకనేమో మూడు అనేది ఆచారంగా స్థిరపడింది. రెండుతో సరిపోయేచోట మూడు చేస్తే అదనంగా వచ్చేది ఇంకో అతుకు.

కలిపేటప్పుడు పడే చిక్కు

విడదీయడం ఎవరైనా చేస్తారు, ఒక ప్లగిన్ చాలు. 'ఏమీ ముట్టుకోకుండా కలిపితే' అన్నాను చూశారా, ముట్టుకోవడానికే కదా చీల్చింది! పై పాయకు డిస్టార్షన్ పెట్టాం, హెచ్చుతగ్గుల్ని సమం చేసే కంప్రెసర్ పెట్టాం. వాటిలో ఏదైనా ఆ పాయను కొంచెం ఆలస్యం చేసిందనుకోండి.

110 స్వరాన్ని చూద్దాం. 120 దగ్గర చీల్చినప్పుడు అది 59 శాతం కింద, 41 శాతం పైన ఉంది. రెండూ కాలు కలిపి నడిస్తే మొత్తం నూరు. పై పాయ నాలుగున్నర మిల్లీసెకన్లు వెనకపడితే అది 110 కంపనంలో సరిగ్గా సగం. ఒకటి లేస్తున్నప్పుడు రెండోది పడుతుంది. 59లోంచి 41 తీసేస్తే మిగిలేది 18. అంటే 15 డెసిబెల్స్ దాకా గొయ్యి, అదీ బేస్‌కు నడుము లాంటి చోట. నాలుగున్నర మిల్లీసెకన్లంటే, శబ్దాన్ని సెకనుకు 48,000 శాంపిళ్లుగా (నమూనాలుగా) తీసుకున్నప్పుడు, 218 శాంపిళ్లు, అంత ఆలస్యం చేసే ప్లగిన్లు ఎన్నో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్లు ఈ ఆలస్యాన్ని వాటంతటవే సరిచేస్తాయి, ప్లగిన్ తన ఆలస్యాన్ని నిజాయితీగా చెప్పుకున్నంతవరకు. పోలారిటీ తిరగబడ్డా, అంటే అల తలకిందులైనా, ఇదే గతి. నేను ఒకసారి రెండు రోజులు ఈక్వలైజర్‌తో 110 పెంచుతూ కూర్చున్నాను. చివరికి చూస్తే పై పాయ మీద పోలారిటీ తిప్పే మీట నొక్కి ఉంది. ఎప్పుడు నొక్కానో దేవుడికెరుక.

ఆలస్యం లేకపోయినా లింక్‌విట్జ్-రైలీ చీలిక స్వరాల బలాన్ని అట్లాగే ఉంచి, వాటి కాలక్రమాన్ని కొంచెం తిప్పుతుంది. దీన్నే ఫేజ్ మార్పు అంటారు. ఒంటరి బేస్‌లో చాలామందికి అది వినపడదు. అదే బేస్‌కు చీల్చని కాపీ ఒకటి పక్కన మోగుతుంటే మాత్రం రెండూ సర్దుకోవు.

దీనికి మందుగా లీనియర్ ఫేజ్ ఫిల్టర్లున్నాయి, అవి కాలక్రమాన్ని చెరపవు. అయితే ఉచితంగా ఏదీ రాదు. ఇంత కింద పనిచేయడానికి అవి పాటను చాలాసేపు ఆపి చూడాలి, కీబోర్డు మీద ప్రత్యక్షంగా వాయించేవాడికి ఆ ఆలస్యం భరించరానిది. పైగా దెబ్బ పడకముందే దాని నీడ లాంటి చిన్న ఊగు వినపడుతుంది. పొడుగ్గా సాగే బేస్‌కు అది తెలియదు, టక్కున కొట్టే బేస్‌కు మొన మొద్దుబారుతుంది. ఫేజ్ ముఖ్యమనేవాళ్లు, దెబ్బ ముఖ్యమనేవాళ్లు ఎప్పటినుంచో వాదించుకుంటూనే ఉన్నారు. నాకైతే డీజే పాటకు మామూలు ఫిల్టరే నయమనిపిస్తుంది.

అసలు చీల్చనివాళ్ల మాట

చీల్చడం ఎందుకు, సబ్‌ను విడిగా పుట్టిస్తే పోలా అనేవాళ్లు చాలామంది. ఒక సింథ్‌లో గుణిజాలు లేని శుద్ధమైన సైన్ తరంగంతో సబ్, ఇంకో సింథ్‌లో గరుకు బేస్, రెండోదానికి కింది భాగం కోసేయడం. అతుకు దగ్గర వచ్చే చిక్కు పూర్తిగా పోదు గానీ, సబ్ ఏం చేస్తుందో పూర్తిగా మన చేతిలో ఉంటుంది. లోపమేమిటంటే, రెండు సింథ్‌లూ ఒక మనిషిలా పలకాలి. జారుడు స్వరం ఒకదాంట్లో జారి రెండోదాంట్లో జారకపోతే బండారం బయటపడుతుంది. ఎవరో ఇచ్చిన లూప్ (తయారై ఉన్న శబ్దపు ముక్క) మీద పనిచేసేవాళ్లకు ఈ దారే లేదు, వాళ్లు చీల్చుకోవాల్సిందే.

ఇంకో వర్గం, శబ్దాన్ని మొదట్లోనే సరిగ్గా ఎంచుకుంటే ఏ చీలికా అక్కర్లేదంటారు. ఇందులో నిజముంది. 1980లో వచ్చిన రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లో కిక్ డ్రమ్ముకు (ధబ్‌మనే పెద్ద డ్రమ్ము శబ్దానికి) పొడుగాటి తోక ఉంటుంది. దాన్నే శ్రుతి చేసి బేస్‌గా వాడేవాళ్లెందరో. అది దాదాపు ఒంటి స్వరం. చీల్చడానికి అందులో పై పాయే లేదు, కొంచెం డిస్టార్షన్‌తో దాన్ని పుట్టించుకోవాలి. అలాంటి బేస్‌కు మూడు బ్యాండ్ల ప్లగిన్ పెట్టేది అలవాటు కొద్దీ తప్ప అవసరం కొద్దీ కాదు.

చీల్చేవాళ్ల పక్షాన ఒక గట్టి వాదన కిక్ గురించి. కిక్ బలం కూడా చాలాసార్లు 50, 60 మధ్యే ఉంటుంది. కిక్ పడ్డ ప్రతిసారీ బేస్‌ను తగ్గించే సైడ్‌చెయిన్ పెడితే, చీల్చని బేస్ మొత్తం గుటకలు మింగుతుంది. చీల్చి ఉంటే కింది పాయ ఒక్కటే పక్కకు జరిగి దారి ఇస్తుంది, పై పాయ తన పాట తాను పాడుకుంటుంది.

చీల్చినా తీరనివి

నా గది 10 అడుగుల వెడల్పు. 55 హెర్ట్జ్ అల పొడవు దాదాపు 6.2 మీటర్లు. అందులో సగం 3.1, అంటే దాదాపు ఆ పది అడుగులే. ఆ అల నా రెండు గోడల మధ్య అతికినట్టు సరిపోతుంది. గోడ పక్కన నిలబడితే ఊరంతా అదిరినట్టు, గది నడుమ కూర్చుంటే 55 మాయం. చాలాకాలం నడుమనే కూర్చుని, సబ్ చాల్లేదని పెంచుకుంటూ పోయాను. ఏ ప్లగిన్ చీలికా ఇంటి గోడల్ని జరపదు.

శబ్దం కొలిచే మీటరు సంగతి కూడా ఇలాంటిదే, ప్రతి చవితికీ గొడవ వచ్చేది కాబట్టి చెబుతున్నా. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. అవి ఏ-వెయిటింగ్ అనే తూకంలో కొలిచే డెసిబెల్స్. చెవి సన్నగా వినే కింది స్వరాలను ఆ తూకం తగ్గించి చూస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గరైతే ఏకంగా 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మీటరు చూపించేదానికీ, కిటికీ రెక్కలు గజగజలాడేదానికీ పొంతన కుదరకపోవడంలో దాని పాలు ఉంది.

నాలుగు రోజులకు కుర్రాడు పాట సరిచేసుకున్నాడు. 120 దగ్గర రెండే పాయలు. కింద ఒక్క ఆసిలేటర్, మోనో. రెండు ఆసిలేటర్లూ, డిస్టార్షనూ పైనే. మళ్లీ షెడ్డుకు వెళ్లాం. ఆపరేటర్ మళ్లీ బాక్సు మీద చెయ్యి ఆనించాడు. "ఇప్పుడు కొడతా ఉండాది. ఆ రెండో స్వరం దగ్గర మాత్రం కొంచెం పలచబడతా ఉండాది" అన్నాడు. రెండో స్వరం పంచమం, 82.4. కుర్రాడు గబగబా ల్యాప్‌టాప్ తెరిచాడు. ఆపరేటర్ వంగి తన క్రాసోవర్ గుబ్బ చూశాడు. అది 80 మీద ఉంది. పంచమం సరిగ్గా ఆయన అతుకు మీద పడి, సగం 12 అంగుళాల టాప్‌లకు పోతోంది. గుబ్బను 110 దాకా తిప్పి, పాట మళ్లీ మొదటినుంచి పెట్టాడు. కుర్రాడు ల్యాప్‌టాప్ మూసి, తనూ ఒక చెయ్యి బాక్సు మీద వేశాడు.